మూడు దేశాలకు ఒకే దగ్గు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సెలవు పెడదామనుకున్నాను, కుదరలేదు. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్‌కి వెళ్లాను. ఏయే దేశాల్లో ప్రభుత్వాలు బొగ్గు తవ్వకానికి సబ్సిడీ ఇస్తున్నాయో చెప్పే డాక్యుమెంటరీ. పోలండ్, టర్కీ, చైనా ముసలి కార్మికులు ముగ్గురికీ నాదే గొంతు.

పోలండ్ ఆయన మాట వింటే నువ్వు లేచి కూర్చునేవాడివి. "ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వబట్టే మా గని మూతపడలేదు" అంటాడు. "సర్కార్ పైసలు పెడ్తేనే మన పొయ్యి మండుతది బిడ్డా" అని గోదావరిఖనిలో బొగ్గు గని నుంచి వచ్చి మన గడప మీద కూర్చుని నువ్వన్నదీ అదే. ఆ మాట అని ఆయన దగ్గుతాడు. ఆ దగ్గూ నేనే ఇవ్వాలి. ఏళ్లతరబడి పక్క గదిలోంచి విన్న నీ దగ్గే కదా, ఒక్క టేక్‌లో వచ్చింది.

డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు. "సార్, ఆ సబ్సిడీలో ఆయన ఊపిరితిత్తులకేమైనా ఇచ్చారా అని ఒక్క ముక్క కలుపుదామా?" అని అడిగాను.

"ఆయన అనని మాట మనమెలా పెడతామండీ?" అన్నారు. నిజమే.

టర్కీ ఆయన వంతు వచ్చింది. ఎంత ప్రయత్నించినా దగ్గు రాలేదు. సౌండ్ ఇంజనీర్ మల్లేశ్ అద్దం అవతలి నుంచి, "ఫికర్ చెయ్యకన్నా. దగ్గు ఏడైనా ఒక్కతీరే ఉంటది. మొదటిదే తీసి ముగ్గురికీ పెడ్త" అన్నాడు.

పెట్టేశాడు. మూడు దేశాల్లోనూ నువ్వే దగ్గుతున్నావు. నేను అద్దం ఇవతల మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, ఆసుపత్రిలో నీ మంచం పక్కన నిలబడ్డట్టే.