దిగుడులో ఆపిన ఇంజను

మంగళవారం, రాత్రి

కామారెడ్డి షోరూంలో, మాకు బండి అమ్మిన సేల్స్ అతని కాలర్ పట్టుకొని గోడకు కొట్టాను. పెదవి పగిలింది. కొత్త పికప్ లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇస్తుందని అన్నకు నమ్మబలికింది అతనే. మక్కజొన్న బస్తాలు వేస్తే తొమ్మిది కూడా రావడం లేదు.

"ఖాళీ బండికి చెప్పిన లెక్క అన్నా అది."

"ఖాళీగ తిప్పుకోనీకి కొంటరారా పికప్?" అని మళ్ళీ చేయెత్తాను. అన్నే నన్ను బయటికి లాక్కొచ్చాడు.

ఎల్లారెడ్డికి తిరిగి వస్తుంటే, అడవి రోడ్డు దిగుడులో అన్న తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. డీజిల్ మిగులుతుందట, రోజూ ఇంతేనట. మలుపులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. ఇంజను ఆగి ఉండడంతో బ్రేకు పెడల్ రాయిలా బిగిసి, ఎంత తొక్కినా దిగలేదు. రెండు గొర్రెలను తొక్కి, మట్టిగుట్టకు గుద్దుకొని ఆగాం. కాపరి కర్రతో అద్దం పగలగొట్టాడు. అతను ఒక్క అడుగు ఇటు ఉంటే...

అన్నను చెంప మీద కొట్టాను. పెద్దవాడని కూడా చూడలేదు. అన్న తిరిగి కొట్టలేదు.

"ఆ మైలేజీ నమ్మే కిరాయిలు ఒప్పుకున్న గదరా. తక్కువపడ్డ డీజిల్ పైసలు ఇంకెట్ల తేవాలె?" అన్నాడు.

లాభం మనిషిని తింటుందని మా సంఘం కరపత్రాల్లో ఎన్నిసార్లు చదివానో. తాళం తిప్పే చేయి మా అన్నదే అవుతుందని ఎక్కడా రాయలేదు.

రేపు జుక్కల్ కిరాయి. తాళం చెవి నా దిండు కింద ఉంది. పొద్దున అడుగుతాడు. ఇవ్వనంటే కొట్టుకుంటాం. ఇస్తే నేనూ ఎక్కాలి, దిగుడు వచ్చినప్పుడల్లా ఆ చేయి పట్టుకొని కూర్చోవాలి. ఎన్ని రోజులని కూర్చుంటాను?