ఎవరి పిడికిలి

చెల్లెమ్మకి అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని ముందే రాసేస్తే మిగతాది నువ్వు నెమ్మదిగా చదువుతావని రాస్తున్నాను. అమ్మకు జ్వరం విడిచి ఆరు రోజులైంది. మీ బావ లేచి తిరుగుతూ నా మీద విసుక్కుంటున్నారు, అంటే కోలుకున్నట్టే.

షాపు ముందు ఆ పలక ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. వీధి వీధంతా దోమల జ్వరంతో మంచమెక్కితే నా కుట్టుమిషనుకి పనేముంది? ఎవరి బట్టలు ఎప్పుడిస్తానో రాసే పలక మీదే ఎవరింట్లో ఏ మందుమొక్క ఉందో రాశాను. వెల్డరు తులసి కొమ్మలు కోసి, కావాల్సినవాళ్లు తీసుకునేలా గేటుకి కట్టాడు. తన కుండీల మీద చెయ్యి వేయనివ్వని గుండు మాస్టారు నేలవేము ఇంటింటికీ తిరిగి పంచారు. శానిటరీ ఆఫీసరు వచ్చి పలక తీసెయ్యమంటే, "మీ మందుల బండి మా వీధిలోకి వచ్చిన రోజు తీస్తాను" అన్నాను. "ఆ మాట రాసిస్తావా?" అన్నాడు. "పలక మీద రాయమంటారా?" అన్నాను. విసురుగా బండెక్కి వెళ్లిపోయాడు.

మోతాదు తెలియనిది నలుగురికీ ఎలా చెప్తావని మందలించావు. ఆ మాటకి మండిపడ్డాను. అమ్మమ్మ మనకి కాచి పోసిందే కదా: పిడికెడు నేలవేము ఆకు, రెండు గ్లాసుల నీళ్లు. అదే రాశాను.

ఇక అసలు సంగతి. ఆ పిడికెడు అమ్మమ్మ పిడికెడు. ఎదురింటి తాపీమేస్త్రి తన పిడికిలితో వేశాడు. ఆయన చెయ్యి ఎంతుంటుందో నీకు తెలుసు. మూడు పూటలా భార్యకి తాగించాడు. ఆమె వాంతులతో సోలిపోతే ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు. జానలు, బెత్తెలు లెక్కచెప్పేవాళ్లని కసిరి టేపుతో కొలిచే దర్జీని నేను. ఎవరి పిడికిలో రాయలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. పలక అడుగున "మా నర్సు చెల్లెలి మాట" అని రాశాను. నీ మాటంటే నమ్ముతారని. నమ్మారు కూడా. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఎవరా నర్సు?" అని నిలదీశారట. వినగానే వెళ్లి, రాసింది నేను, అది నర్సు చెప్పిన మాట కాదు అని కాగితం మీద సంతకం చేసి వచ్చాను. నీ ఉద్యోగం మీదికి తెచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించు.

మేస్త్రి భార్య ఇంటికి వచ్చాక వెళ్లి తలొంచుకు నిలబడ్డాను.

"పలక తీసేశావా?" అంది.

"తీసెయ్యమంటావా వదినా?"

"తీస్తే ఊరుకోను. ఎవరి దగ్గర ఏముందో మాకెలా తెలుస్తుంది? నాకేమైందో కూడా రాయి. మా ఆయన లాంటివాళ్లు ఇంకా ఉంటారు."

రాశాను. ఇది మందుకి బదులు కాదు, జ్వరం రాగానే ఆసుపత్రిలో చూపించుకోండి అని పైన పెద్దక్షరాలతో రాశాను. కింద నీ మాట చెరిపి, రాసింది దర్జీనైన నేనేనని నా షాపు గుర్తుతో సహా రాశాను. నిలదీయాల్సిన వాళ్లు నా గుమ్మానికే వస్తారు, రానీ.

మోతాదు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. ఎన్ని చెంచాలో నువ్వు రాయి. "అసలు వద్దు" అన్నా సరే, అదే రాస్తాను. కానీ ఎందుకు వద్దో చెప్పు. ఊరికే వద్దంటే వినే వీధి కాదిది, వినే అక్కా కాదు. నీ మాట అని ఒకసారి అబద్ధం రాశాను. ఇప్పుడు నిజంగా నీ మాట కావాలి.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న నీ అక్క