తీసేయమన్న వాక్యం

వదినా,

ఎదురుపడి అడిగే మొహం లేక రాస్తున్నాను.

మా కంపెనీ కంప్యూటర్ ఆన్ అవగానే, దాన్ని మొదట మేల్కొలిపే మా ఫర్మ్‌వేర్, ప్రాసెసర్‌ని వేగంగా నడిపే ఒక సదుపాయాన్ని పొరపాటున ఆపేస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్‌ని నడిపించే, నువ్వు చూసుకునే కెర్నెల్ ఏదో చుట్టుదారిన, నెమ్మదిగానైనా పని నడిపిస్తుంది. "లోపం ఫర్మ్‌వేర్‌ది" అని తెరమీద ఒక వాక్యం కూడా చూపించేది. కంపెనీ పరువు పోతోందని మా మేనేజర్ పోరు పెడితే, మీ ఇంట్లో భోంచేస్తూ దాన్ని తీసేయమని అడిగాను. నువ్వు నాకు ఇంకాస్త కూర వడ్డించి, "నీ ఉద్యోగానికి ఇబ్బందైతే తీసేస్తాలే" అన్నావు. అన్నట్టే తీసేశావు.

ఇవాళ మా కంప్యూటర్ కొన్న ఒక టీచరమ్మ ఆఫీసుకి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "కొత్త కంప్యూటరే అమ్మా, నత్తలా నడుస్తోంది. నాకు వాడటం చేతకాదని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నేనేం పాడుచేశానో కాస్త చెప్పు" అంది.

నా ప్రాణం చచ్చిపోయింది వదినా. ఆ వాక్యం తెరమీద ఉండుంటే తప్పు తనది కాదని ఆవిడకి తెలిసేది. తప్పు మాదేనని ఆవిడకి చెప్పేశాను. మేనేజర్‌కీ ఆ మాటే చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

ఆ వాక్యం మళ్ళీ పెట్టు. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను.

నిజం తెలిశాక టీచరమ్మ నన్ను తిట్టలేదు. "చల్లగా ఉండు తల్లీ" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తలెత్తలేకపోయాను.

నీ ఆడపడుచు