అడ్డం కోసిన నాలుగో పొర

ప్రేమగల అక్కకు భాగ్య దండాలు.

వేములవాడ రాజన్న దయతో ఇక్కడ నేనూ నీ మరిదీ బాగున్నాం. నీ నడుం నొప్పి తగ్గిందా? బావకు దగ్గు పోయిందా? నా బిడ్డ రజిత నీతో జడలు వేయించుకుంటోందా, ఇంకా మొండికేస్తోందా? ఈ పరాయి దేశంలో దీన్ని ఎండాకాలం అంటారు గానీ నేను స్వెటర్ విప్పిందే లేదు. ఆదివారం మాత్రం పచ్చిపులుసు చేసుకుని కడుపు నిండా తింటున్నాం. నువ్వేం ఫికర్ పడకు.

పందేల కార్లు చేసే షెడ్డులో కుదిరానని రాస్తే, "గుడ్డలు కుట్టేదానికి గా కార్లతోని ఏం పనే?" అని బావ నవ్వాడట కదా. ఇది ఆయనకు చదివి వినిపించు. ఈ కారులో ఒక్కడే కూర్చుంటాడు. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి, మడ్‌గార్డులు ఉండవు. పూర్వం ఇనుప పైపులతో కట్టేవాళ్లట, తర్వాత రేకులు బిగించేవాళ్లట. ఇప్పుడు గుడ్డతో చేస్తున్నారు. నిజంగా గుడ్డే అక్కా! జిగురు పట్టించిన నల్లటి గుడ్డ. కొలత ప్రకారం కోసి, అచ్చులో పొర మీద పొర పరిచి, పెద్ద పొయ్యిలో కాలిస్తే ఇనుములా గట్టిపడి, డ్రైవర్ కూర్చునే డొప్ప అవుతుంది. కారు గుద్దుకుంటే డ్రైవర్ ప్రాణం కాపాడేది ఆ డొప్పే. ఆ పని మేం ఆరుగురు ఆడవాళ్లం చేస్తాం. ఏ పొర ఎవరు పరిచారో కాగితం మీద సంతకం పెట్టాలి.

ఈ నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయం కావాల్సింది. అది అయ్యాక పెద్ద ఇల్లు తీసుకుని, దసరాకల్లా రజితను తెచ్చుకోవాలనుకున్నాం. ఆ ఆశతోనే అందరికన్నా బాగా చేయాలని పంతం పట్టాను. అక్కడే తప్పు చేశాను.

వేములవాడలో మన బాపు కుట్టు మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని ఏమనేవాడు? "జర అడ్డం తిప్పి కొయ్యి బిడ్డా, జానెడు గుడ్డ మిగుల్తది." నేను అలాగే నాలుగో పొరను అడ్డం తిప్పి కోశాను. జానెడు మిగిలింది. మురిసిపోయి ఆ పీలికను జేబులో పెట్టుకున్నాను.

డొప్ప కాలింది, రంగు కూడా వేశారు. ఆదివారం పందెం. గురువారం సాయంత్రం ఇంట్లో ఆ పీలికను చేతిలోకి తీసుకుని నిలువుగా గుంజాను, కదల్లేదు. అడ్డంగా గుంజితే పోగులు విడిపోయి రెండు ముక్కలైంది. కారు గుద్దుకుంటే నేను అడ్డం తిప్పిన పొర కూడా ఇలాగే చీలుతుంది. ఆ గుడ్డలో నిలువు పోగుల పడుగే ఉంటుంది అక్కా, అడ్డం పోగుల పేక ఉండదు. నేత ఊళ్ల మధ్య పుట్టి కూడా ఆ సంగతి చూసుకోలేదు.

పోయి చెప్పేస్తానంటే నీ మరిది ఒకటే మొత్తుకున్నాడు. "ఎవలు చూసిండ్రు? ఒక్క పొరతోని ఏమైతది? పోరి వస్తదా రాదా గది చూస్కో!" ఆయన బాధ నాకు తెలియదా? బిడ్డ కోసం నాకూ ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆ డ్రైవర్ కూడా ఓ తల్లి కన్నవాడే కదా.

శుక్రవారం పొద్దున్నే మా మేస్త్రీ ముందుకు వెళ్లి చెప్పేశాను. "ఎందుకు తిప్పావు?" అని అడిగాడు. "గుడ్డ మిగల్చడానికి" అన్నాను. అందరి ముందూ ఆ కొత్త డొప్పను రంపంతో రెండుగా కోయించాడు. కోస్తున్నంతసేపూ నిలబడి చూశాను, ఏడవలేదు. పందేనికి పాత డొప్ప బిగించారు. మా కారు వెనకబడింది గానీ డ్రైవర్ క్షేమంగా దిగాడు.

నన్ను తీసేయలేదు. కానీ లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఇంకో ఆరు నెలలు చూశాకే ఖాయం చేస్తాడట. చేయించుకునే తీరతాను. ఇప్పుడు కత్తెర పట్టే ముందు ప్రతి ముక్కా రెండుసార్లు చూస్తున్నాను.

కాబట్టి అక్కా, రజిత దసరాకు రాదు. దానికి విమానం దొరకలేదనో, అమ్మకు జ్వరమనో చెప్పకు. అమ్మ గుడ్డ అడ్డం కోసింది, తానే పోయి చెప్పింది, అందుకే ఆలస్యమైందని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. కోపమొస్తే నా మీదే రానీ.

వీలైతే కాస్త ఎల్లిగడ్డ కారం పంపు. రాజన్న గుడికి పోతే నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టు. బావకు దండాలు, రజితకు ముద్దులు. మీ దీవెనలు నాకు కావాలి.

ఇక్కడ ప్రతి పొర కిందా పెడుతున్న సంతకమే నీకూ పెడుతున్నాను.

నీ చెల్లెలు
భాగ్య