మనిషి కంటె ముందు గడ

బాపూ,

ఇయ్యాల సాయంత్రం మన దేశపోళ్ల యంత్రం చంద్రుని మీద దిగుతుంటె అమ్మ, నేను టీవీ ముంగట కూసున్నం. అది కిందికొస్తున్నకొద్ది అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకుంది. "ఆడ గూడ బురద ఉంటదా? దిగబడుతదా?" అని అడిగింది.

శామీర్‌పేట చెర్వుల వల ఎయ్యనీకి దిగేముందు నువ్వు గడతోని అడుగు పొడిచి సూసేటోనివి. "రష్యావోళ్లు గూడ గిట్లనే జేసిన్రు. చంద్రుని మీది దుమ్ముల మనిషి మునుగుతడేమోనని ముందుగాల యంత్రాలు పంపిన్రు. ఎన్నో పగిలినయ్. ఆఖరికి ఒకటి మునగకుంట నిలవడి ఫొటోలు పంపింది" అని, నీ చిన్నప్పుడు రేడియోల ఇన్న ముచ్చట ప్రతిసారి చెప్పేటోనివి.

ఆ ఒక్కనాడు మాత్రం చిక్కుకున్న వల ఇడిపియ్యనీకి గడ లేకుంటనే చెర్వులకు ఉరికినవ్.

ఆ బురద నిన్ను మింగినంక, నేను చెర్వుల దిగుతనంటె అమ్మ ఒప్పుకోలే.

టీవీల అందరు సప్పట్లు కొట్టిన్రు. అమ్మ కొట్టలే.

"నిలవడ్డదా?" అని నన్నే అడిగింది.

"నిలవడ్డదమ్మా."

లేసి పోయి, ఇంటి కప్పు రేకుల కింద దోపిన నీ గడను గుంజి నా చేతుల పెట్టింది.

"రేపు చెర్వుకు పో బిడ్డా. నీ కాలు కంటె ముందు ఇది దించు."