తాగడానికి ఆగాను

బుధవారం, రేపల్లె

తాగుడు మానేశానని బాపట్లలో ఉన్న బావమరిదికి పోయిన నెల ఉత్తరం రాశాను. ఇంగ్లీషు మాస్టారు కదా, సంతోషిస్తాడని ఇంగ్లీషులోనే రాశాను: ‘ఐ స్టాప్డ్ టు డ్రింక్.’ జవాబు రాలేదు.

ఇవాళ సాయంత్రం ఆ ఉత్తరం చిత్తుప్రతి మనవరాలి కంటబడింది. పకపకా నవ్వింది.

“ఏంటి తాతయ్యా ఇది? తాగడానికి ఆగానని రాశావు! మానేశానని చెప్పాలంటే ‘స్టాప్డ్ డ్రింకింగ్’ అనాలి.”

నా తాగుడు వల్లే బావమరిది మా గడప తొక్కడం మానేశాడు. ఉత్తరం అందే ఉంటుంది కదా, తమ్ముడు వస్తాడని మా ఆవిడ నెల రోజులుగా ఎదురుచూస్తోంది. తనకి ఇంకా చెప్పలేదు.

రేపు మొదటి బస్సుకి బాపట్ల వెళ్లాలి. ఎదురుగా నిలబడి తెలుగులోనే చెప్పాలి. నోరు పెగలదనే కదా ఉత్తరం రాసింది…