గుడ్లగూబ ఉన్న ఫోటో

బుకిట్ బటోక్, సింగపూర్

బావగారికి నమస్కారం.

సంవత్సరీకంనాడు దండ వేయడానికి మీ చెల్లెలి ఫోటో అడిగారు. కెమెరా ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది కనుక తన ఫోటోలు దాదాపు లేవు. నేను తీసినది ఒకటి పంపుతున్నాను.

మా ఫ్లాట్ల వెనక పార్కులో గుడ్లగూబలు చాలక, మంచులో ఉండేవాటిని చూడాలని కిందటేడు చలికాలం నన్ను ఉత్తర జపాన్ అడవికి లాక్కెళ్లింది. చెట్టు తొర్ర చూపించింది. ఎంతసేపు చూసినా నాకు బెరడే కనిపించింది.

"ఎక్కడ ప్రసన్నా?"

"అది ఇందాకట్నుంచీ మిమ్మల్నే చూస్తోందండీ. మర్యాదకైనా ఒకసారి అటు చూడండి!"

అప్పుడు కనిపించింది. ఒక కన్ను మూసుకుని ఎండ కాగుతోంది. ఆ కన్ను ఎందుకు తెరవదో తెలుసుకోవాలని ఇద్దరం సాయంత్రం దాకా నిలబడ్డాం. తెలియలేదు. సంవత్సరీకం అయ్యాక తన కెమెరా తీసుకుని మళ్లీ వెళ్తాను.

ఫోటోలో తను పక్కకు తిరిగి ఉంది. ఎదుటి చెట్టులో గుడ్లగూబ కూడా పడింది. అశుభమని అత్తయ్యగారు ఆ ముక్క కత్తిరించమంటారు. దయచేసి కత్తిరించకండి. తను నవ్వుతున్నది దాన్ని చూసే.

మీ బావ